సర్కీస్, మరియం, నాజెలీల పేరు మీద

ఖుష్నుమాకు ముక్కు మీద కోపమని రాయచోటిలో అందరికీ తెలుసు. ఒమాన్ వాళ్ళకు తెలియడానికి కొంచెం సమయం పట్టింది. వచ్చిన కొత్తలో ఆమె ఖబూరా అనే ఊళ్ళో ఒక ఇంట్లో పనిచేసేది. ఒకరోజు ఆ ఇంటి గాజు కూజా పగిలింది. పగలగొట్టింది వాళ్ళు పెంచుకునే పిల్లి. మేడం మాత్రం, "నేనే పగలగొట్టానని ఒక్క మాట అనెయ్, నిన్నేమీ అనను" అంది. మామూలు మనిషైతే పీడా పోయిందని ఆ మాట అనేసి పని చూసుకునేది. ఈమె చేతిలో చీపురు అక్కడే పడేసి, గేటు బయటకు పోయి మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడింది. నమాజుకు పోయే మగవాళ్ళు ఏమైందని అడిగితే అందరికీ పిల్లి సంగతి చెప్పింది. చివరికి మేడమే బయటికొచ్చి, పిల్లే పగలగొట్టిందని ఒప్పుకుని లోపలికి పిలుచుకుపోయింది. ఆ ఇంట్లో ఆ తర్వాత ఎక్కువ కాలం ఉండనివ్వలేదనుకోండి, అది వేరే సంగతి.

"జరిగింది జరిగినట్టు చెప్పాల. దీంట్లో కష్టమేముంది?" అనేది ఆమె వాదన. ఇందులో కష్టమేమిటో ప్రపంచంలో చాలామందికి తెలుసు, ఒక్క ఖుష్నుమాకు తప్ప.

ఆరేళ్ళుగా ఆమె మస్కట్ శివార్లలోని మబేలాలో అరాక్సీ అనే ముసలామె దగ్గర ఉంటోంది. అరాక్సీ ఆర్మీనియన్. పుట్టి పెరిగింది సిరియాలోని అలెప్పోలో. అక్కడ యుద్ధంలో ఇల్లు పోయాక కొడుకు వాహాన్ ఆమెను మస్కట్‌కు తెచ్చుకున్నాడు. వాహాన్‌కు అడ్వర్టైజ్‌మెంట్ల కంపెనీ ఉంది. పేపర్లలో కనిపించే కార్ల బొమ్మలు, బ్యాంకుల బొమ్మలు సగం అతని చేతి మీదుగా వెళ్ళేవే. తను సముద్రం పక్కన ఉంటాడు. చక్రాల కుర్చీలో తిరిగే తల్లికి మాత్రం మబేలాలో నాలుగంతస్తుల బిల్డింగులో కింది వాటా తీసుకున్నాడు. శుక్రవారం శుక్రవారం వచ్చి, ఫోను చూసుకుంటూ అన్నం తిని, తల్లి నుదుటి మీద ముద్దుపెట్టి పోతాడు.

గల్ఫ్ ఇళ్ళలో యజమానిని 'బాబా', యజమానురాలిని 'మామా' అనడం అలవాటు. మొదటిసారి ఫోనులో ఆ మాట వినబడినప్పుడు ఖుష్నుమా కూతురు జువేరియా పడీ పడీ నవ్వింది. "ముసలామెను పట్టుకొని మామా అంటావేందమ్మా?" అని. ముసలామెకూ ఖుష్నుమాకూ మధ్య నడిచేది అరబ్బీయే. అరాక్సీది అలెప్పో అరబ్బీ, ఖుష్నుమాది వంటింట్లో నేర్చుకున్న అరబ్బీ. ఆరేళ్ళకు ఆ రెండూ కలిసిపోయి, వాళ్ళిద్దరికి తప్ప మూడో మనిషికి అర్థం కాకుండా తయారైంది.

ఏటా ఏప్రిల్ ఇరవై నాలుగున అరాక్సీ ఇంట్లో హరీసా వండాలి. గోధుమలు, మాంసం గంటల తరబడి ఉడికించి, గరిటె తిరగనంత చిక్కబడే దాకా కలిపే వంట. మొదటి ఏడాది ఖుష్నుమా గిన్నెలోకి తొంగిచూసి, "దీంట్లో ఏముంది మామా, ఇది మా హలీమే కదా" అని గుప్పెడు పచ్చిమిరపకాయలు తీసుకుంది. అరాక్సీ ఆమె చేతి మీద చెంచాతో కొట్టింది. "ఇది పండగ వంట కాదు. పోయినవాళ్ళ కోసం వండేది" అంది. అప్పుడే, గోధుమల్లో రాళ్ళు ఏరుతూ కథ చెప్పింది.

నూట పదేళ్ళ కిందటి మాట. టర్కీని ఏలే ఆటోమన్ సర్కారు ఆర్మీనియన్ల ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేయించి, ఆడవాళ్ళను, పిల్లలను ఎడారి దారి పట్టించింది. అరాక్సీ తల్లి శుషాన్‌కు అప్పుడు ఏడేళ్ళు. ఆమె అన్న సర్కీస్‌ను మగపిల్లాడని చెప్పి ఊరి బయటే కాల్చేశారు. అక్క మరియంను నది దాటేచోట కొట్టి నీళ్ళలోకి తోసేశారు. పాలు తాగే చెల్లెలు నాజెలీ తల్లి ఒళ్ళోనే ఆకలికి పోయింది. ఆ తర్వాత తల్లీ పోయింది. శుషాన్ ఒక్కతే మిగిలింది. దారి పక్కన పడి ఉంటే, గొర్రెలు మేపుకునే ఒక అరబ్బు ఆడమనిషి తన నల్ల అబాయా, అంటే బురఖా లాంటి పై బట్ట, కింద దాచి, సిపాయిలు అడిగితే నా బిడ్డేనని ఒట్టుపెట్టి, డేరాకు తీసుకుపోయింది.

కడుపులో ఒక ప్రశ్న పెట్టుకుని తిరగడం ఖుష్నుమా వల్ల కాదు. సాయంత్రం చాయ్ ఇస్తూ అడిగేసింది.

"చంపినోళ్ళు మా మాదిరి నమాజు చేసేటోళ్ళే కదా మామా? మరి నా చేత్తో వండిన కూడు నీకు ఎట్ల సయిస్తుంది?"

అరాక్సీ చాయ్ కప్పు పక్కన పెట్టింది. "మా అమ్మను దాచినామె కూడా నమాజు చేసేదే. నిన్ను చూస్తే నాకు ఆమె గుర్తొస్తుంది, ఆ సిపాయిలు కాదు" అంది. ఖుష్నుమా వంటింట్లోకి పోయి కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆ రోజు నుంచి అరాక్సీ ఆమెకు యజమానురాలు కాదు, కన్నతల్లితో సమానం.

అలా ఏమీ జరగలేదని చెప్పేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారని కూడా అరాక్సీయే చెప్పింది. యుద్ధమన్నాక అన్నివైపులా పోతారని, ఆ జనాన్ని క్షేమంగా వేరేచోటికి తరలించారని, పేపర్లలో పేజీకి పేజీ కొని మరీ అచ్చువేయిస్తారని. ఖుష్నుమాకు అది మింగుడు పడలేదు. "జరగలేదంటే ఊరికే ఉండొచ్చు కదా! జరగలేదని చెప్పేదానికి అంత పెద్ద పేజీ ఎందుకు?" అంది.

ఈ ఏడాది అరాక్సీకి ఒక కోరిక పుట్టింది. పేపర్లో ఒక చిన్న డబ్బా. అందులో మూడు పేర్లు, చంపబడ్డారని ఒక ముక్క. అంతే. "మా అమ్మ ఎనభై ఏళ్ళు బతికి ఆ పేర్లు నాకొక్కదానికే చెప్పింది. నేను పోయేలోగా ఒక్కసారైనా పదిమందిలో, అవును, వాళ్ళు పోయారు అని ఎవరైనా అనాలి, బిడ్డా" అంది. కొడుకుకు చెబితే ఏదో ఒకటి చెప్పి దాటవేస్తాడని తెలుసు. అందుకని ఇద్దరూ టాక్సీ ఎక్కి ఒక పేపర్ ఆఫీసుకు పోయారు.

కౌంటర్‌లో ఉన్నది జావెద్ అనే హైదరాబాద్ మనిషి. మర్యాదస్తుడే. అరాక్సీ ఇచ్చిన కాగితం చదివి, తల గోక్కుని, ఖుష్నుమా వైపు తిరిగాడు.

"ఖాలా, చావు ప్రకటన వెయ్యాలంటే డెత్ సర్టిఫికెట్ కావాలె. రూల్ అది."

"చంపి ఏట్లో పారేసినోళ్ళు సర్టిఫికెట్ కూడా రాసిచ్చి పోతారా, బాబూ?"

"నువ్వు జెప్పేది సమజైతుంది. గానీ కాగితం లేకపోతే వాళ్ళు చనిపోయినట్టు మేమెట్ల రాస్తం? ఇంకోటి, చంపబడ్డరు అనే మాట నడవదు. స్వర్గస్థులైనరు అని రాస్తే, పైన ఒకసారి అడిగి చూస్త."

"స్వర్గానికి వాళ్ళంతట వాళ్ళే నడిచిపోయినారా?" అని ఖుష్నుమా గొంతు పెంచేసరికి ఆఫీసులో కంప్యూటర్ల దగ్గర కూర్చున్నవాళ్ళంతా తలలెత్తారు. అరాక్సీ తన కాగితాన్ని మెల్లగా మడిచి చేతిసంచిలో పెట్టుకుంది. టాక్సీలో ఆ సంచిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అది చూసి ఖుష్నుమాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ సాయంత్రమే వాహాన్ వచ్చాడు. శుక్రవారం కాదు, ఫోను చేతిలో లేదు, అంటే సంగతి గట్టిదే. పేపర్ ఆఫీసులో అతనికి తెలియనివాళ్ళెవరు? తల్లీ కొడుకూ వాళ్ళ భాషలో అరుచుకున్నారు. మధ్యలో కొడుకు నోరుజారిన ఏదో మాటకు తల్లి ఒక్కసారిగా ఆగిపోయి, అరబ్బీలోకి వచ్చి, ఖుష్నుమాకు వినబడేలా అడిగింది. "ఆ పేజీ నీ కంపెనీ నుంచే పోతోందా?"

పోతోంది. జరగలేదని చెప్పే పేజీ ఒకటి ఈ ఏప్రిల్‌లోనే ఇరవై ఐదో తేదీన రాబోతోంది. కొన్నది ఏదో సంఘం. పేపర్‌తో మాట్లాడి, బొమ్మలు కూర్చి, అచ్చుకు పంపేది శుషాన్ మనవడి కంపెనీ.

"నేను రాసింది కాదమ్మా. నా పని చోటు అమ్మడం, అంతే. నేను కాదంటే ఇంకొకడు చేస్తాడు" అన్నాడు వాహాన్.

పోయేటప్పుడు వంటింటి గుమ్మంలో ఆగాడు. "ఖుష్నుమా, ఈ ఏడాది హరీసా వద్దు, పేపర్ ఆఫీసులు వద్దు. ఆ పాత గొడవ ఎవరి దగ్గరా ఎత్తవద్దు. నీ వీసా నా పేరు మీద ఉందని గుర్తుపెట్టుకో. కాదంటే టికెట్ తీసిస్తాను, ఇంటికి పోవచ్చు." గొంతు పెంచకుండానే అన్నాడు. ఖుష్నుమా తలవంచుకుని విన్నది. విన్నది కదా అని ఒప్పుకుందనుకుని అతను వెళ్ళిపోయాడు. పాపం, పప్పులో కాలేశాడు.

ఇరవై మూడో తేదీ సాయంత్రం ఖుష్నుమా గోధుమలు నానబోసింది.

"మీ వాడు వద్దన్నాడు. నేను పోస్తాండా" అని అరాక్సీకి చెప్పింది. "పేపరోళ్ళు సర్టిఫికెట్ అడిగినారు. మా రాయచోటిలో ఎవురూ అడగరు మామా. మొహర్రం పదో దినం మాయమ్మ కిచిడా వండి, ఫాతెహా చదివించి ఇంటింటికీ పంపేది. తలుపు తీసినోళ్ళు మొట్టమొదట అడిగేది ఒకటే. ఎవురి పేరు మీద, అని. పేరు చెప్పాల. వాళ్ళు ఆ పేరు మళ్ళీ తలుచుకొని, దువా చేసి, అప్పుడు గిన్నె తీసుకుంటారు. పేరు తలవకుండా ఆ కూడు ఎవురూ ముట్టరు. ఈ బిల్డింగులో ఎన్ని తలుపులుండాయో అన్నీ తడతా."

అరాక్సీ ఆమె చెయ్యి పట్టుకుంది. "నిన్ను పంపించేస్తాడు" అంది.

"పంపనీ. రాయచోటి ఏమన్నా నరకమా?" అంది ఖుష్నుమా. పైకి అలా అందే గాని, భయం లేకపోలేదు. జువేరియా నర్సింగ్ చదువు ఇంకా పూర్తి కాలేదు. ఈ వయసులో మళ్ళీ కొత్త ఇల్లు, కొత్త మనుషులు ఎక్కడ దొరుకుతారు? అవన్నీ అనుకుంటూనే గోధుమలు కడిగింది.

మరునాడు పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాటాక హరీసా కుదిరింది. అరాక్సీ కుర్చీలో కూర్చుని గరిటె పట్టి, చెయ్యి నొప్పి పుట్టే దాకా కలిపింది. రెండో అంతస్తులో పనిచేసే జైనబీ, ఆమెదీ కడప వైపే, గిన్నెలు మోయడానికి వచ్చింది. మొదటి తలుపు ఉమ్ సైఫ్ వాళ్ళది. మొదటి అంతస్తులో ఉండే ఒమానీ పెద్దావిడ. మూత తీసి, "మా హరీసే!" అని నవ్వి, ఏమిటి విశేషమని అడిగింది.

"సర్కీస్, మరియం, నాజెలీల పేరు మీద" అంది ఖుష్నుమా. "మా మామా వాళ్ళ పిల్లోళ్ళు. అన్యాయంగా చంపేసినారు."

ఉమ్ సైఫ్ నవ్వు ఆరిపోయింది. "యా అల్లాహ్! సిరియాలోనా?"

"సిరియా దారిలో."

ఉమ్ సైఫ్ మూడు పేర్లూ తలుచుకుని, కన్నీళ్ళతో గిన్నె అందుకుంది. ఇలాగే నాలుగు అంతస్తులూ తిరిగారు. ప్రతి తలుపు దగ్గరా మూడు పేర్లు, ఆ ఒక్క మాట. ఆఖరి గిన్నె వాచ్‌మన్ చెన్నయ్యకు. జగిత్యాల మనిషి. విని, తలపాగా తీసేశాడు. "అయ్యో, ముగ్గురా అక్కా? పసిపోరలా?" అన్నాడు.

సాయంకాలం అయ్యేసరికి వాకిట్లో కుర్చీలు వేస్తున్న చప్పుడైంది. ఖుష్నుమా తొంగిచూస్తే చెన్నయ్య ప్లాస్టిక్ కుర్చీలు వరసగా పరుస్తున్నాడు. పక్కన బకాలా అనే కిరాణా కొట్టు నడిపే షఫీ ఖర్జూరాలు, ఫ్లాస్కులో కాఫీ మోసుకొస్తున్నాడు. ఒమాన్‌లో చావు జరిగిన ఇంటికి మూడు దినాలు పరామర్శకు వస్తారు. మగవాళ్ళు బయట, ఆడవాళ్ళు లోపల. కొద్దిసేపట్లో నల్ల అబాయాల్లో ఆడవాళ్ళు లోపలికొచ్చి, అరాక్సీ చుట్టూ చేరి ఆమె చేతులు పట్టుకున్నారు. ఆ నల్లబట్టల మధ్య కూర్చుని అరాక్సీ చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఖననం ఎప్పుడు?" అని ఉమ్ సైఫ్ మెల్లగా అడిగింది.

"ఖననం లేదు" అంది అరాక్సీ. "నూట పదేళ్ళయింది."

జైనబీ నెత్తి కొట్టుకుని ఖుష్నుమా చెవిలో, "ఆపా, ఎప్పుడు పోయినారో చెప్పలేదా నువ్వు?" అంది.

"ఎవురూ అడగలేదే!" అంది ఖుష్నుమా. నిజంగానే ఆమెకు తట్టలేదు. మొహర్రంలో కర్బలా షహీదుల పేర్లు చెప్పి ఏడ్చేటప్పుడు ఎన్నేళ్ళయిందని ఎవరు చెబుతారు? అన్యాయంగా పోయినవాళ్ళు ప్రతి ఏడాదీ ఆ పొద్దే పోయినట్టు లెక్క. ఆమె పుట్టినప్పటి నుంచీ అదే చూసింది.

ఉమ్ సైఫ్ లేచి పోతుందేమోనని ఖుష్నుమా అనుకుంది. ఆవిడ లేవలేదు. అరాక్సీ చెయ్యి వదలకుండానే, "ఇన్నేళ్ళలో పరామర్శకు ఎవరూ రాలేదా?" అని అడిగింది. అరాక్సీ తల అడ్డంగా ఊపింది. "అయితే మేమే ఆలస్యంగా వచ్చాం" అని ఉమ్ సైఫ్ సర్దుకుని కూర్చుంది.

అప్పుడే బయట కారు కీచుమని ఆగింది. వాహాన్‌కు కబురు చేసింది చెన్నయ్య. మంచి మనసుతోనే చేశాడు. "సార్, గుండె దిటవు జేసుకోండ్రి, ఇంట్ల ముగ్గురు పోయిన్రు" అని చెప్పి, ఏడుపొచ్చి ఫోను పెట్టేశాడు. వాహాన్ చొక్కా తడిసిపోయి, తలుపు కూడా వెయ్యకుండా కారు దిగాడు. దిగుతుండగానే ఉమ్ సైఫ్ భర్త అబూ సైఫ్ లేచి అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"దేవుడు నీకు ఓర్పునివ్వాలి, నాయనా. ముగ్గురూ పిల్లలేనటగా."

గుమ్మంలో తల్లి ప్రాణాలతో కనిపించాక వాహాన్‌కు సంగతి అర్థమైంది. ముఖం ఎర్రబడింది. "ఎవరూ పోలేదు" అన్నాడు. "ఏదో పొరపాటు జరిగింది. అమ్మ పెద్దదైపోయింది, ఏవేవో మాట్లాడుతోంది. చెన్నయ్యా, ఆ కుర్చీలు తీసెయ్."

చెన్నయ్య ఒక కుర్చీ మీద చెయ్యి వేశాడు. ఖుష్నుమా గబగబా వాకిట్లోకి వచ్చి, మగవాళ్ళందరి ముందూ ఆ కుర్చీలో కూర్చుంది. ఆరేళ్ళలో ఆమె వాహాన్ ఎదుట కూర్చోవడం అదే మొదలు.

"ఎవురూ పోలేదా బాబా?" అంది. "మళ్ళీ చెప్పు. మీయమ్మ కండ్లలోకి చూసి చెప్పు. సర్కీస్ పోలేదంటే యాడుండాడు? మరియం యాడుంది? పిలువు, వాళ్ళకూ ఒక గిన్నె పోస్తా."

"ఖుష్నుమా, లోపలికి పో."

"పోను. టికెట్ తీపిస్తానంటివి కదా, తీపించు. రేపే పోతా. నువ్వు పేపర్లో ఎంత పెద్ద పేజీ అయినా అమ్ముకో. ఈ ముగ్గురు పోలేదని మాత్రం నా నోట అనిపించలేవు. ఖబూరాలో పిల్లి చేసిన తప్పు కోసం ఎండలో నిలబడిన దాన్ని. పిల్లోళ్ళ కోసం నిలబడనా?"

అబూ సైఫ్‌కు పిల్లి సంగతీ తెలియదు, పేజీ సంగతీ తెలియదు. ఆయనకు తెలిసింది ఒకటే, పరామర్శకు వచ్చినవాడు చెయ్యి ముందుగా వదలకూడదు. వదలకుండానే అడిగాడు. "వాళ్ళు నీకేమవుతారు?"

వాహాన్ చెయ్యి లాక్కోబోయాడు. ఆ ముసలి చేతులు గట్టివి. గుమ్మంలో తల్లి కొడుకునే చూస్తోంది. బతిమాలడం లేదు, కోప్పడడం లేదు, ఊరికే చూస్తోంది. సబ్బును, కారును, బ్యాంకును నాలుగు మాటల్లో అమ్మగలిగిన మనిషికి ఒక్క మాట పెగలడానికి చాలాసేపు పట్టింది.

"మా అమ్మమ్మకు అన్న" అన్నాడు. "అక్క. చెల్లెలు."

"ఎలా పోయారు?"

"చంపేశారు."

"పేర్లు చెప్పరా" అంది అరాక్సీ గుమ్మంలోంచి.

వాహాన్ చెప్పాడు. ఒక్కొక్క పేరూ అబూ సైఫ్ తిరిగి పలికాడు, ఆయన వెనక షఫీ, చెన్నయ్య, కుర్చీల్లో ఉన్నవాళ్ళంతా పలికారు. కొందరికి ఆ పేర్లు నోరు తిరగలేదు. అయినా పలికారు. అరాక్సీ కళ్ళు మూసుకుని మూడు పేర్లూ పూర్తయ్యే దాకా విన్నది.

మరునాడు ఆ పేజీ పేపర్లో వచ్చింది. ఆపడానికి ఫోన్లు చేశాననీ, అప్పటికే అచ్చుకు పోయిందనీ వాహాన్ అన్నాడు. నిజమో అబద్ధమో ఖుష్నుమాకు తెలియదు, నమ్మాలని కూడా ఆమెకు అనిపించలేదు. టికెట్ మాట అతను ఎత్తలేదు, ఆమె అడగలేదు. కుర్చీలు తియ్యమంటారా అని చెన్నయ్య అడిగినప్పుడు మాత్రం, "మూడు దినాలు. ఒక్కటి కూడా కదిలించొద్దు" అని ఆమే చెప్పింది. మిగిలిన రెండు రోజులూ వాహాన్ మొదటి కుర్చీలో కూర్చుని, వచ్చినవాళ్ళకు చెయ్యి అందిస్తూనే ఉన్నాడు.

మూడో రోజు ఖుష్నుమా మళ్ళీ హరీసా వండింది. ఈసారి పచ్చిమిరపకాయలు వేసింది, అరాక్సీ చూసీ చూడనట్టు ఊరుకుంది. చెన్నయ్య పక్క సైట్ నుంచి డ్యూటీ దిగిన మనవాళ్ళను పదిమందిని పిలుచుకొచ్చాడు. వాళ్ళు వాకిట్లో వరసగా నేల మీద కూర్చున్నారు. రూముల్లో తినేటప్పుడు కింద పేపర్ పరుచుకోవడం వాళ్ళకు అలవాటు. "అక్కా, పాత పేపర్లున్నయా?" అని చెన్నయ్య అడిగాడు.

వాహాన్ లేచి కారు దగ్గరికి పోయాడు. డిక్కీ తెరిచి, ఆ సంఘం వాళ్ళకు ఇవ్వడానికి పెట్టుకున్న పేపర్ల కట్ట తెచ్చాడు. తాడు తెంపి, ఒక పేజీ తీసి, వాళ్ళ ముందు తన చేతులతోనే నేల మీద పరిచాడు. పేజీ నిండా అక్షరాలు, మూలన ఒక జెండా. ఖుష్నుమాకు ఇంగ్లీషు రాదు. వేడి గిన్నె పట్టుకుని అతని ముఖంలోకి చూసింది.

"ఇది ఆ పేజీయేనా బాబా?"

అవునన్నట్టు తలూపాడు.

ఖుష్నుమా మసి పట్టిన గిన్నెను సరిగ్గా దాని నడిమధ్యన దించింది. "ఇంకోటి కూడా పరుచు, నెయ్యి కారతాంది" అంది.